మన పిల్లల మొదటి యేడు

ఈ సంచికకు మేమొక వ్యాసము వ్రాయవలెనని సంఘ కార్యదర్శిగారు కోరినప్పుడు, వారి మనస్సులో నున్నది మా యూరి పూర్వచరిత్ర యని మేమెఱుగుదుము. హోసూరు ప్రాంతపు తెలుగువారు ఏ కాలమున ఏ త్రోవను వచ్చిరి, విజయనగర ప్రభువుల నాటి పాళెగాండ్రెవరు, మొరసునాడన నెంతవఱకు, ఇట్టి విషయములు వ్రాయుటకు మాకంటె తెలిసినవారు కలరు. మేము పండితులము కాము. ఒక కర్మాగారపు సిబ్బంది కార్యాలయమున గుమాస్తాగా చేరి, ముప్పదియొక్క సంవత్సరములు పనిచేసి, అచ్చటనే అధికారిగా విరమించినవారము. మా చేతుల మీదుగా నడచినవి శాసనములు కావు. ఉద్యోగములకై పిల్లలు పెట్టుకొన్న దరఖాస్తులు. కావున వానిని గూర్చియే వ్రాసెదమంటిమి. కార్యదర్శిగారు కొంచెము నిరుత్సాహపడినట్లు తోచినది గాని, కాదనలేదు.

హోసూరు నెఱుగని పాఠకుల కొఱకు రెండు మాటలు. ఇది తమిళనాటి వాయవ్యపు కొస. బెంగుళూరు నలుబది కిలోమీటర్ల దూరము. అత్తిబెలె దాటిన కర్ణాటకము. తూర్పుగా వేపనపల్లి దాటిన కుప్పము సీమ. మా యిండ్లలో తెలుగు, సంతలో కన్నడము, కచేరీలో తమిళము. మేము చిన్నవారమై యున్నప్పుడు ఇది సేలము జిల్లాలోనిది. 1965లో ధర్మపురి జిల్లాకు, 2004లో కృష్ణగిరి జిల్లాకు మాఱినది. ఇల్లు కదలకయే మూడు జిల్లాల వారమైతిమి! 1970 దశకపు చివరను, ఆ పిమ్మటను సిప్కాటు వారి పారిశ్రామిక వాడలో మోపెడ్లు, లారీలు, చేతిగడియారములు చేయు కర్మాగారములు వెలసినవి. అంతవఱకు రాగిచేలు, మల్బరీ తోటలు తప్ప వేఱు జీవనాధారమెఱుగని యిండ్ల పిల్లలు మొదటిసారిగా ‘దరఖాస్తు’ అను మాట నేర్చిరి.

దరఖాస్తు పెట్టువారు, ఎవరో పెద్దమనిషి గంభీరముగా కూర్చుండి తమ కాగితమును ఆద్యంతము చదివి, తమ గుణములను తూచి నిర్ణయించునని తలంతురు. అట్లు జరుగదు. ఒక ప్రకటనకు నాలుగువందల కాగితములు వచ్చినచో, మధ్యాహ్న భోజనమునకు లేచులోపల వానిని మూడు కట్టలు చేయవలసి యుండెడిది: పిలువదగినవి, పిలువరానివి, సందేహము గలవి. ఒక్కొక్క కాగితము మీద మా కన్ను నిలిచినది అర నిమిషము. ఆ యర నిమిషములో మేము చూచినది నాలుగు చోట్లే. ఏమి చదివినాడు, ఏ యేట ముగించినాడు, ఇదివఱకు స్వయముగా చేసిన పని యేది, ఏ భాషలు వచ్చును. ఇప్పుడు పెద్ద సంస్థలలో ఈ యేఱివేతను చాలవఱకు కంప్యూటరే చేయుచున్నదట. దానికి అర నిమిషమును అక్కఱలేదు. కాగితములో లేని మాటను ఊహించు దయ మాకైనను కొంచెముండెడిది, దానికి లేదు.

ఆ దయయు ఎంత కొంచెమో చెప్పవలెను. 1990 దశకమున నొకప్పుడు, చిత్తూరు, అనంతపురము వైపు వర్తకులు తెలుగులో వ్రాయు ఉత్తరములకు బదులు వ్రాయుటకు మా కార్యాలయములో ఒక గుమాస్తా కావలసి వచ్చెను. బీరువాలో అంతకు ముందు వచ్చిన దరఖాస్తులు రెండువందలకు పైగా నుండెను. అన్నియు తీసి చూచితిమి. భాషల గడిలో ‘తమిళము, ఇంగ్లీషు’ అని యున్నవే యన్నియు. ‘తెలుగు’ అను మాట ఒక్క కాగితమునను లేదు. అందు నాలుగు దరఖాస్తులు మా వీథి పిల్లలవే. మా పెరటిగోడ అవతల తల్లితో తెలుగున పోట్లాడు గొంతులు మేము ప్రతి ఉదయము వినుచుండినవే! కాని ఇతరుల దరఖాస్తులో ఒక మాట చేర్చు నధికారము మాకు లేదు. నియమము తప్పరాదను పట్టుదలయు ఆ వయస్సున మాకు మిక్కుటముగా నుండెను. ఆ యుద్యోగము వేఱొక జిల్లా నుండి వచ్చిన వానికి పోయెను. సాయంకాలము ఇంటికి పోవుచు ఆ నలుగురిలో ఒకనిని దారిలో కలిసి, ‘ఏమిరా, తెలుగెందుకు వ్రాయలేదు?’ అని యడిగితిమి. ‘అది ఇంట్లో మాట్లాడేది కదా మామా, అది కూడా చదువేనా?’ అనెను. తరువాత కొంచెము నిలిచి, ‘రాయమంటే రాయను కూడా రాదు’ అనెను.

ఈ రెండవ మాటయే మాకు చిరకాలము జ్ఞాపకమున్నది. మొదటిది మఱపు, దానిని ఒక్క హెచ్చరికతో దిద్దవచ్చును. రెండవది లోటు. మన పిల్లలు మూడు భాషలు మాటలాడుదురని సభలలో మనము గర్వముగా చెప్పుకొందుము. అది నిజమే. కాని నోట మూడున్నవి, చేత ఒకటియో, ఒకటిన్నరయో యున్నది. ఉద్యోగమిచ్చువాడు నోటిని తరువాత చూచును; మొదట చూచునది చేతిని.

ఇంత తెలిసియు మేము చేసిన తప్పిదము ఇప్పుడు చెప్పవలెను. దానిని చెప్పుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

తమిళనాట 2006లో తమిళ బోధన చట్టము వచ్చినది. ఆ యేడు ఒకటవ తరగతిలో చేరిన పిల్లలు మొదలుకొని అందఱును తమిళమును నిర్బంధ పాఠ్యముగా చదువవలెనని యేర్పాటు. ఆ పిల్లలు 2016లో పదవ తరగతికి వచ్చిరి. భాషా అల్పసంఖ్యాకుల బడులలో చాల చోట్ల తమిళ ఉపాధ్యాయులు సకాలమున నియమింపబడలేదనియు, నేర్పని దానికి పరీక్ష పెట్టుట న్యాయము కాదనియు వాదించితిమి. న్యాయస్థానము ఆ యేట మినహాయింపునిచ్చినది. పిమ్మట కొన్ని యేండ్లును ఇట్లే యుత్తరువులు వచ్చినవి. ఆ వినతిపత్రములకు సంతకములు సేకరించినవారిలో మేమును ఒకరము. ఎండలో ఇల్లిల్లు తిరిగితిమి. ఆ పని తప్పని మేమిప్పటికిని అనుకొనము. తల్లిభాషలో పరీక్ష వ్రాయు హక్కు అడిగి తెచ్చుకొనదగినదే.

మా తమ్ముని కుమారుడు ఆ మొదటి జట్టులోని వాడు. తమిళము వ్రాయకయే పదవ తరగతి దాటెను. 2018లో బి.కాం.లో చేరిన నాడు, కొత్త చొక్కా తొడుగుకొని మా యింటికి వచ్చి, కాళ్ళకు మ్రొక్కి, ‘పెద్దనాయనా, ఇంక నేనేమి చెయ్యాల?’ అని యడిగెను. అడిగినది ఎవరిని? ముప్పదియొక్క సంవత్సరములు దరఖాస్తులను కట్టలు కట్టినవానిని. మేము చెప్పిన సమాధానము: ‘మొదట డిగ్రీ కానీరా, తరువాత చూస్తాము.’ అంతటితో నిలువలేదు. కళాశాలలో మొదటి రెండు సంవత్సరములు భాషాపాఠ్యము ఒకటి ఎన్నుకొనవలసి యుండగా, తమిళమునకు బదులు మార్కులు సులభముగా వచ్చు వేఱొక భాష తీసుకొమ్మని సలహా యిచ్చినవారమును మేమే. పరాయి పిల్లవాడు అడిగి యుండినచో, బహుశః కూర్చుండబెట్టి గంటసేపు మాటలాడి యుందుము. ఇంటివాడు గనుక, కాఫీ త్రాగుచు రెండు మాటలతో పంపివేసితిమి.

వాడు 2021లో పట్టము పొందెను. ఆ డిసెంబరులో, రాష్ట్ర ప్రభుత్వోద్యోగముల పోటీ పరీక్షలన్నిటను పదవ తరగతి స్థాయి తమిళ పత్రము నిర్బంధమనియు, అందు నూటికి నలుబది రానిచో మిగిలిన పత్రము లెక్కకు రాదనియు ఉత్తరువు వెలువడినది. రాష్ట్ర ప్రజలకు కొలువు చేయువానికి రాష్ట్రభాష రావలెననుట తప్పు కాదు. మన యాంధ్రదేశములోను ఇట్టి నియమమే యుండిన మనము మెచ్చుకొందుము. 2022 జూలైలో వాడు గ్రూపు నాలుగు పరీక్షకు కూర్చుండెను. తమిళ భాగము నూఱు ప్రశ్నలు, నూటయేబది మార్కులు, అఱువది రావలెను. వానికి యేబది రెండున్నర వచ్చినవి. అనగా అయిదు ప్రశ్నలు తక్కువ. వాడు బజారున తమిళము ధారాళముగా మాటలాడును. తమిళ సినిమా మాటలు వల్లించును. కాని ప్రశ్నను చదువుటకు కూడబలుకుకొనవలసి వచ్చుటచే, చివరి ముప్పది ప్రశ్నలను ఊహించి గుర్తులు పెట్టెనట.

‘తమిళంలో పొయ్యింది పెద్దనాయనా. మిగిలింది దిద్దనే లేదంట’ అని చెప్పి, మా యింటి మెట్ల మీద కూర్చుండెను. రెండవ భాగమున తాను బాగుగా వ్రాసితినని వాని నమ్మకము. అది నిజమో కాదో ఎన్నటికిని తెలియదు. ఎవరును తెఱువని ఆ రెండవ భాగమును తలచుకొన్నప్పుడెల్ల, అర నిమిషములో మేము ప్రక్కకు పెట్టిన కట్టలన్నియు మా కన్నుల యెదుట నిలిచినవి. వాడు మమ్ము నిందింపలేదు. నిందించి యుండిన కొంత నెమ్మదిగా నుండెడిది.

పరీక్ష నుండి విడుదల పొందినంత మాత్రమున, లిపి నుండియు విడుదల పొందినట్లు మేము భావించితిమి. హక్కు కొఱకు ఇల్లిల్లు తిరిగినవారము, సాయంకాలము ఒక గంట ఆ పిల్లలకు తమిళాక్షరములు నేర్పుటకు ఒక్కరమును తిరుగలేదు.

ఆ సంవత్సరపు దసరా తరువాత, సంఘపు హాలులో ఆదివారము ఉదయము పదిగంటలకు, కళాశాలలో మొదటి యేడు చదువు పిల్లలను రమ్మని పిలిచితిమి. మొదటి వారము ఏడుగురు వచ్చిరి. రెండవ వారము నలుగురు. టీతో పాటు మసాలా వడలు పెట్టిన పిమ్మట పదునొకండుగురైరి. మూడవ యేటి పిల్లలు తమను ఏల పిలువలేదని యడిగిరి. వారికి ఆలస్యమైనదని చెప్పుటకు నోరు రాక, వారిని వేఱొక గంటకు రమ్మంటిమి. మొదటి యేటి పిల్లవానికి కాలమున్నది. తప్పు త్రోవ పట్టినను మరలి రాగలడు. మూడవ యేట ప్రాజెక్టు, పరీక్షలు, ఇంటిలోని అప్పు, అక్క పెండ్లి, అన్నియు ఒక్కసారి మీద పడును. అప్పుడు వాడు ఎన్నుకొనడు, దొరికినదానిని పట్టుకొనును.

మొదటి ఆదివారము మేము భవిష్యత్తును గూర్చి ఒక్క మాటయు మాటలాడలేదు. అందఱి కాగితములను బల్లపై పెట్టుమంటిమి: పదవ తరగతి మార్కుల పట్టిక, ఆధారు కార్డు, బ్యాంకు పాసుపుస్తకము. పదునొకండుగురిలో ఆరుగురి పేరు మూడు చోట్ల మూడు విధములుగా నుండెను! ఇది మన యిండ్లకు ప్రత్యేకమైన చిక్కు. మనకు ఇంటిపేరు ముందు వచ్చును. తమిళనాట తండ్రిపేరి మొదటి యక్షరము వచ్చును. బడిలో అయ్యవారు ఒక యక్షరము వేసిరి. ఆధారు తీసినవాడు ఇంటిపేరును విడదీసి వ్రాసెను. బ్యాంకువాడు తండ్రిపేరును కలిపి కుట్టెను. ఉద్యోగము వచ్చి, సర్టిఫికెట్ల పరిశీలన నాడు ఇది బయటపడినచో, ఆ పిల్లవాడు తాను తానేయని నిరూపించుకొనుటకు నెలల కొలది తిరుగవలెను. అట్లు తిరిగినవారిని మా కార్యాలయపు గుమ్మమున మేము చూచితిమి. పదవ తరగతి పట్టికలోని పేరునే ప్రమాణముగా పెట్టుకొని, తక్కినవానిని మొదటి యేటనే దిద్దించుకొమ్మంటిమి. నాలుగు నెలలలో ఆరుగురిలో అయిదుగురు దిద్దించుకొనిరి. ఆరవవానికి వాళ్ళ నాయన ‘అదంతా ఇప్పుడెందుకు?’ అనెనట.

అరియర్సు అను మాట మా చిన్నతనమున జీతపు బాకీకి వాడుచుండిరి. ఇప్పుడు పిల్లలు తప్పిన పరీక్షకు వాడుచున్నారు. మొదటి సెమిస్టరులో తప్పిన ఒక పత్రమును ‘తరువాత వ్రాసికొందము’ అని మూట కట్టి పెట్టుకొన్నవాడు, మూడవ యేట కంపెనీల వారు కళాశాలకు వచ్చినప్పుడు బయట నిలువవలసి వచ్చును. బాకీ లేనివారినే కూర్చుండనిచ్చెదమని చాలమంది ముందే చెప్పుదురు. దీనిపై ఎక్కువ చెప్పనక్కఱ లేదు.

మేము ఎక్కువ కాలము గడపినది భాషల మీదను, పని మీదను.

భాషల విషయమున మా పద్ధతి మోటైనది. ఒక దరఖాస్తు నమూనా యిచ్చి, భాషల గడిలో ప్రతి భాషకు ఎదురుగా మూడు చిన్న గళ్ళు గీచితిమి: మాటలాడుట, చదువుట, వ్రాయుట. నిజమే వ్రాయుమంటిమి. తెలుగు ఎదుట మొదటి గడిలో అందఱును గుర్తు పెట్టిరి. మూడవ గడిలో ఇద్దఱు. కన్నడమునకు మూడవ గడి పూర్తిగా ఖాళీ. ఒక అమ్మాయి చాలసేపు ఆ ఖాళీల వైపు చూచి, ‘తాతా, ఇది చూస్తే నేను చదువురానిదాన్ని అనిపిస్తా ఉండాది’ అనెను. కాదమ్మా, సగము దారి నడచి కూర్చున్నదానవు అంటిమి. మాట వచ్చినవానికి లిపి నేర్చుట, మాటయే రాని పరాయి భాష నేర్చుటలో పదవవంతు శ్రమయు కాదు. తెలుగు, కన్నడ లిపులు అక్కచెల్లెండ్రు. ఒకటి వచ్చినవానికి రెండవది నెల రోజుల పని. తమిళమున అక్షరములు తక్కువ. అక్కడ చిక్కు వేగము, అలవాటు. ప్రతి ఆదివారము ఒక భాషలో నాలుగు పంక్తులు చదివించి, నాలుగు పంక్తులు వ్రాయించితిమి. చదివించినవి కావ్యములు కావు. బస్సు ప్రకటనలు, విద్యుత్తు బిల్లు వెనుకనున్న షరతులు, బ్యాంకు ఫారములు.

ఇందు వచ్చు లాభమును పిల్లలకు లెక్క వేసి చూపవలెను. ఊరక ‘మాతృభాష’ యని యుపన్యసించిన వినరు. స్టేట్ బ్యాంకు గుమాస్తా పరీక్షకు ఏ రాష్ట్రపు ఖాళీలకు దరఖాస్తు పెట్టుదుమో, ఆ రాష్ట్రభాషను చదువను, వ్రాయను, మాటలాడను తెలిసి యుండవలెను. పదవ తరగతిలోనో పండ్రెండవ తరగతిలోనో ఆ భాషను చదివినట్లు పట్టిక యున్నవారికి వేఱే భాషాపరీక్ష లేదు, లేనివారికి కలదు. కావున తెలుగు పాఠ్యముగా చదివిన మా పిల్లకు ఆంధ్రప్రదేశపు ఖాళీలకును, తెలంగాణపు ఖాళీలకును తలుపు తెఱచియే యున్నది. తమిళము చేతికి తెచ్చుకొన్నచో తమిళనాటి తలుపును, కన్నడము తెచ్చుకొన్నచో ఆ తలుపును తెఱచుకొనును. ఒకసారి ఒక్క రాష్ట్రమునకే దరఖాస్తు. కాని ఎన్నుకొనుటకు నాలుగు రాష్ట్రములున్న పిల్లలు ఈ దేశమున ఎందఱుందురు? ఈ లెక్క నల్లబల్లపై వ్రాసిననాడు మా హాలులో కలిగిన నిశ్శబ్దము, ఏ మాతృభాషోపన్యాసమునకును కలుగగా మేము చూడలేదు.

ఇక పని. మన పిల్లలకు పని యనిన ఇంజనీరు, డాక్టరు, బ్యాంకు, ‘ఐటీ’. ఈ నాలుగింటికి వెలుపల నున్న లోకము వారికి తెలియదు. తల్లిదండ్రులకు అంతకంటె తెలియదు. అందుచే పొంగలు సెలవులలో ప్రతివారును పనిచేయు ఒక మనిషి ప్రక్కన ఒక దినము పూర్తిగా కూర్చుండి, ఆతడు ఉదయము నుండి సాయంకాలము వఱకు చేసినదానిని ఒక పుటలో వ్రాసి తేవలెనని నియమించితిమి. ఆడిటరు కావలెనని పలవరించు ఒక కుఱ్ఱవాడు ఒక లెక్కల కార్యాలయమునకు పోయెను. పోయినది ఇరువదవ తేదీ. ఆ దినము జీయస్టీ పత్రములకు గడువు. రాత్రి పదునొకండు గంటల వఱకు ఎవరును భోజనమునకు లేవలేదట. వాడు వ్రాసిన పుటలో సగము, ఆ కార్యాలయపు గుమాస్తా వర్తకులకు ఫోనులు చేసి బిల్లుల కొఱకు బ్రతిమాలిన తీరు. ‘ఈ పనిలో లెక్క తక్కువ, బ్రతిమాలుట ఎక్కువ’ అని చివర వ్రాసెను. ఇట్టి వాక్యము ఏ కెరీరు పుస్తకమునను మాకు కనబడలేదు. వాడు ఆ పని మానుకొనలేదు. ఇప్పుడు సెలవులలో అక్కడనే పని నేర్చుకొనుచున్నాడు.

గులాబీ తోట గల యింటి అమ్మాయి యొకతె బి.యస్సీ. మొదటి యేట చేరి మా యొద్దకు వచ్చెను. ‘స్వయముగా చేసిన పని’ అను గడిలో ‘లేదు’ అని వ్రాసెను. ఇంటిలో నీవేమియు చేయవా యని యడుగగా, ‘పూల పని తప్ప ఏమీ లేదు తాతా’ అనెను. ఆ పూల పని యేమో చెప్పుమంటిమి. ఉదయము నాలుగున్నరకు లేచి, కోసిన పూలను కాడ పొడవును బట్టి వేఱు చేయును. ఇరువదేసి కట్టలు కట్టును. చల్లని గదిలో నీటిలో నిలుపును. బెంగుళూరు వర్తకునితో కన్నడమున ధర మాటలాడును. ఏ బండిలో ఎన్ని కట్టలు పోయినవో తండ్రికి లెక్క వ్రాసి యిచ్చును. ఫిబ్రవరి నెలలో ప్రేమికుల దినమునకు ముందు రెండు వారములు నిద్రయే యుండదు. పదునాలుగవ యేట నుండి ఇట్లు చేయుచున్నది! మా కార్యాలయమునకు వచ్చిన ఎందఱో పట్టభద్రులకు ఇందు నాలుగవ వంతు అనుభవము లేదు. ఇంటి పని గనుక అది పని కాదని ఆమె నమ్మకము. ఇంటి భాష గనుక అది భాష కాదని ఆ వీథి కుఱ్ఱవాడు నమ్మినట్లే. ఆ విషయమును నాలుగు పంక్తులలో వ్రాయించుటకు మూడు ఆదివారములు పట్టినది. సిగ్గు పడి మాటిమాటికి కొట్టివేయుచుండెను. ఇప్పుడు రెండవ యేడు చదువుచున్నది. పంట కోత తరువాత పూలు, కూరలు చెడకుండ నిలుపు విద్య నేర్పు చోట్లను తానే వెదకి, చిరునామాలు వ్రాసి పెట్టుకొన్నది.

వ్యక్తిత్వ వికాసమని చెప్పి, కోటు తొడుగుకొని వచ్చి, పిల్లలచే చప్పట్లు కొట్టించి పోవు ఉపన్యాసకులను మా హాలునకు పిలువుమని కొందఱు పెద్దలు సూచించిరి. మేము పిలువలేదు. ఇది మా మొండితనమే కావచ్చును.

ప్రభుత్వము వారు చేయుచున్నదియు కలదు. తమిళనాట 2022 మార్చిలో ‘నాన్ ముదల్వన్’ అను పథకము ఆరంభమైనది. దాని క్రింద కళాశాలలలో చదువుతో పాటు పనికి కావలసిన నేర్పులను బోధించుచున్నారు. మా పిల్లలలో చాలమంది దానిని హాజరు కొఱకు మాత్రమే చూచుచుండిరి. అప్రెంటీసు చట్టము 1961 నాటిది. 1973లో ఇంజనీరింగు చదివినవారిని, 2014 సవరణతో ఇతర పట్టభద్రులను గూడ దానిలో చేర్చిరి. బి.ఏ., బి.కాం. చదివినవాడును కొంత భత్యము పుచ్చుకొనుచు ఒక సంస్థలో పని నేర్చుకొనవచ్చునను సంగతి మా సంఘ సభ్యులలో నూటికి తొంబదిమందికి తెలియదని పందెము వేయగలము.

ఈ సంచిక హోసూరును దాటి పోవును గనుక ఒక మాట. బరంపురపు మనవారు 1936 నుండి ఒరిస్సాలో నున్నారు. అక్కడ చేతికి రావలసినది ఒడియా. షోలాపురమున మగ్గముల వెంట పోయిన మనవారికి మరాఠీ. యానాము సంగతి వేఱు. అచ్చట తెలుగే ఊరి భాష, పిల్లలు కాకినాడలో చదివి రాగలరు. కాని పాలన పుదుచ్చేరి నుండి వచ్చును. ఏ యూరి లెక్క ఆ యూరివారు వేసికొనవలెను. మా యూరి లెక్కను మేము చెప్పితిమి.

మా తమ్ముని కుమారుడు 2022 శీతకాలమున మూడవ తరగతి తమిళ వాచకమును కొనుక్కొని వచ్చెను. ఇరువదిరెండేండ్ల వాడు, ఎవరును చూడకుండ మా వంటయింట కూర్చుండి బిగ్గరగా చదువుచుండెను. ఏడాదిన్నరలో పదవ తరగతి పుస్తకము వఱకు వచ్చెను. 2024 జూనులో మరల పరీక్ష వ్రాసెను. తమిళ భాగము దాటినది. రెండవ భాగమును ఈసారి దిద్దిరి. వరుసలో వాని స్థానము ఉద్యోగమునకు చాలలేదు. ప్రస్తుతము ఒక కర్మాగారపు గిడ్డంగిలో లెక్కలు చూచుచు, మరల చదువుచున్నాడు.

ఆదివారములందు మొదటి యేటి పిల్లలకు తమిళము చదివించుట ఇప్పుడు వాని పని. మేము వెనుక బల్లపై కూర్చుండి వినుచుందుము. మొన్నటి వారము కొత్తగా వచ్చిన కుఱ్ఱవాడొకడు నమూనా దరఖాస్తు నింపి వానికిచ్చెను. భాషల గడిలో తెలుగు లేదు. మా వాడు దానిని తిరిగి యిచ్చి, ‘మీ అమ్మతో ఏ భాషలో పోట్లాడతావురా?’ అని యడిగెను. కుఱ్ఱవాడు నవ్వి, కలము తీసికొని ఆ మాట వ్రాసెను. తరువాత మూడవ గడి యొద్ద ఆగి, మా వైపు చూచెను.